కొసరు కొట్టం

నేను పడసాలలో పేడ ఎత్తుతున్నాను. చిన్నాయన వాలుకుర్చీలో కాళ్లు పైకి మడుచుకుని, ముఖానికి అడ్డంగా పేపరు పట్టుకుని కూర్చున్నాడు. ఆ పేపరును అవతలి వైపు నుంచి ఆవు నమలడం మొదలుపెట్టింది.

"సరోజా, నీ ఆవు నా పేపరు తింటా ఉండాది," అన్నాడు చిన్నాయన, పేపరు దించకుండానే.

"చదివేసిన పేజీ దాని వైపు పెట్టండి," అంది చిన్నమ్మ వంటింట్లోంచి.

మా చిన్నాయన నాగరాజు సిటీ నడుమ కాటన్‌పేటలో ముప్పై ఏళ్లు బట్టల కొట్టు నడిపి, దాన్ని తమ్ముడికి అప్పగించి, తొంభై ఎనిమిదిలో ఊరవతల చందాపుర దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. నేను మదనపల్లె పక్క పల్లె నుంచి ఇక్కడి కంపెనీలో పనికి వచ్చి, వాళ్లింట్లోనే ఉండేదాన్ని. పడసాలలో కుర్చీ వేసుకుని హాయిగా కూర్చోవడం చిన్నాయన జీవితాశయం. కుర్చీ వేసిన నెలకే చిన్నమ్మ ఆవును కొనింది. కట్టెయ్యడానికి నీడ పట్టున వేరే చోటు లేదు. ఇల్లు తన పేరనే ఉన్నట్టు ఆవు పడసాలలో నిలబడేది. చిన్నాయన దానికి ఓనరమ్మ అని పేరు పెట్టాడు.

పడసాలకు ఇంకో హక్కుదారు కూడా ఉన్నాడు. కాటన్‌పేటలో పక్క కొట్టు జయరామప్ప. రోజు విడిచి రోజు బస్సు దిగేవాడు. కాఫీ ఇస్తే "అర లోటా చాలమ్మా" అనేవాడు. అలా పొద్దున్నుంచి సాయంత్రం దాకా అనేవాడు. మేము ఆయన్ను అర లోటా జయరామప్ప అనేవాళ్లం, ఆయన లేనప్పుడు.

పేపరు సగం పోయిన ఆ రోజే చిన్నాయన లేచి నిలబడ్డాడు.

"దీనికి పెరట్లో కొట్టం కట్టేస్తాం."

"కట్టేస్తాం అంటే ఎవరెవరు?" అంది చిన్నమ్మ.

"నేనూ, జయరామప్పా."

"ఆయన లోటా తప్ప ఇంకేమన్నా ఎత్తింది మీరు చూసినారా? గమ్మున మేస్త్రీని పిలవండి."

"నాలుగు గుంజలు ఇటు, నాలుగు గుంజలు అటు నాటి, పైన రేకులు కప్పేదానికి మేస్త్రీ ఎందుకే? ముప్పై ఏళ్లు కొలిచిన చెయ్యి ఇది."

"మీరు కొలిచింది గుడ్డలు."

"కొలతకు గుడ్డయితేనేమి, గుంజయితేనేమి?"

చిన్నమ్మ గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. "సరే. వాన పడితే ఆవు మీదా, దాని మేత మీదా చుక్క పడకూడదు. పడకుంటే పడసాల మీకే. పడితే?"

"పడితే ఓనరమ్మ ఇక్కడే ఉంటాది. నేనే పోయి ఆ కొట్టంలో కూర్చుంటా."

"విన్నావు కదా శైలా," అని నాకు చెప్పి చిన్నమ్మ లోపలికి పోయింది.

నీలగిరి గుంజలు వచ్చాయి. ఆరు మీటర్లకు సరిగ్గా సరిపోయే రేకులు వచ్చాయి. చిన్నాయన పెట్టెలోంచి కొట్టు నాటి కొలబద్దను తీశాడు. దానికి రెండు కొసలా ఇత్తడి తొడుగులు. చిన్నాయన కొట్టు పేరు మోసింది ఆ బద్ద వల్లనే. మీటరు కొలిచాక గుడ్డను నాలుగు వేళ్లు ముందుకు జరిపి గాని మళ్లీ బద్ద పెట్టేవాడు కాదు. మీటరు మీటరుకూ కొసరు. దానికోసం మడివాళ నుంచి కూడా ఆడవాళ్లు బస్సెక్కి వచ్చేవారట.

ఎడమ వరసకు కొలత మొదలైంది. చిన్నాయన నేల మీద బద్ద పెట్టాడు. ఎత్తాడు. నాలుగు వేళ్లు ముందుకు జరిపి మళ్లీ పెట్టాడు. చెయ్యి ఆయన్ను అడగడం లేదు, దానంతట అదే పోతోంది.

"చిన్నాయనా," అన్నాను.

"కొలిచేటప్పుడు మాట్లాడకూడదు, లెక్క తప్పుతుంది."

వంటింట్లోకి పోయి చిన్నమ్మకు చెప్పాను. ఆమె వచ్చి పెరటి వాకిట్లో నిలబడి కాసేపు చూసింది. చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమీ చెప్పొద్దు. పాపం, ఎంత హుషారుగా ఉండాడో చూడు."

కుడి వరస మేమిద్దరం కొలిచాం. చిన్నమ్మ తాడును రేకుల పక్కన పరిచి, అంతకే ముడి వేసింది.

"బద్ద ఉండగా తాడెందుకే?" అన్నాడు చిన్నాయన.

"ఉండేది ఒకటే బద్ద. అది మీ చేతిలోనే ఉండనీండి."

గుంజల మొదళ్లకు చెద పట్టకుండా వాడేసిన ఇంజనాయిలు పూశారు. చిన్నాయన గుంజను వాటేసుకుని గుంతలో నిలబెడితే, జయరామప్ప కుర్చీలోంచి ఒక కన్ను మూసి చూసేవాడు.

"వాలింది నాగరాజా."

"ఎటప్పా?"

"ఉండు, కాఫీ వచ్చింది. తాగి చెప్తా."

ఆయన తాగేదాకా చిన్నాయన గుంజను వదల్లేదు. వదిలేసరికి బనియను, మెడ, ఒక చెవి నల్లగా ఉన్నాయి.

"పోనీలెండి," అంది చిన్నమ్మ, "మీకు కూడా ఇంక చెద పట్టదు."

పైన వాసాలు పెట్టినప్పుడు గానీ తేడా బయటపడలేదు. కుడి వరస చివరి గుంజ కన్నా ఎడమ వరస చివరి గుంజ మూరెడు వెనక నిలబడింది. కొట్టం ఎక్కడికో బయలుదేరినట్టు ఉంది.

"ఏమప్పా, ఇది నడుస్తా ఉండాదా?" అన్నాడు జయరామప్ప.

చిన్నాయన గుంజను తట్టి చూశాడు. "గాలికి పడకుండా ఉండాలంటే ఒక కాలు వెనక్కి వెయ్యాల. పహిల్వాన్లు నిలబడేది అట్లే కదా."

రేకులు కప్పితే ఎడమ పక్క వెనక మూలలో ఆకాశం మిగిలింది. అది వెలుతురు కోసం అన్నాడు. మేత వేసే రాతి తొట్టిని సరిగ్గా ఆ వెలుతురు కిందే పాతించి ఉన్నాడు.

ఆదివారం నాడు ఓనరమ్మకు పసుపు కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, కొత్త కొట్టంలోకి తోలుకుపోయాం. పగ్గం గుంజకు చుట్టి, తవుడు కలిపి తొట్టి నింపాం. చిన్నాయన పడసాల కడిగించి, కుర్చీ నట్టనడుమ వేసుకుని, పేపరు రెండు చేతులా పూర్తిగా విప్పాడు.

మొదటి పేజీ తిప్పకముందే మే నెల వాన దిగింది. వెలుతురు వచ్చిన దారినే నీళ్లూ వచ్చాయి. తవుడు తేలి, తొట్టి దాటి, పెరడంతా పారింది. ఓనరమ్మ తొట్టి వైపు చూసింది. మా వైపు చూసింది. ఒక్క గుంజు గుంజితే పగ్గం ఊడింది. నిదానంగా పెరడు దాటి, మెట్లెక్కి, పడసాలలో తన చోటికి వచ్చి ఒళ్లు విదిలించింది.

పక్క కుర్చీలో ఉన్న జయరామప్ప లోటాలోకి చూసుకున్నాడు. "అర లోటానే ఇచ్చినారు. ఇప్పుడు నిండింది."

చిన్నమ్మ పాత గుడ్డతో ఆవు వీపు తుడుస్తోంది. "మీటరుకు నాలుగు వేళ్లు. భూమికి కూడా కొసరిచ్చిన వ్యాపారి మీరొక్కరే."

"నీకు ముందే తెలుసా?"

"గుంతలు తవ్వకముందే తెలుసు."

"చెప్పలేదే మరి?"

"ఊరికే ఇస్తా ఉంటే వద్దని ఎట్లా చెప్పేది?" ఆమె ఆవు పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది. "ఇది ఈనే రోజులు. వంటింట్లోంచి నాకు కనిపిస్తా ఉండాల. మీరు కనపడకపోయినా ఏమీ ఇబ్బంది లేదు. ఆ ముందు పక్క రేకుల కింద చుక్క కూడా పడలేదు, చూసినాను. కుర్చీలు రెండు పడతాయి. అక్కడి నుంచి కాఫీ అని పిలిస్తే మటుకు, నాకు వినపడదు."

చిన్నాయన నా వైపు చూశాడు. నేను పేడ ఎత్తుతున్నాను.

ఆయన పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు. వాలుకుర్చీని మడిచి గొడుగులా నెత్తిన పెట్టుకుని, మెట్లు దిగి వానలోకి వెళ్లిపోయాడు. వెనకాలే జయరామప్ప, లోటా మీద అరచెయ్యి మూసుకుని.