పది సెంట్ల చెరువు

ఆ గురువారం పొద్దున జయపాల్ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నానికల్లా మిరప చేను మూలన పది సెంట్ల మేర చెరువు తవ్వించాలి. శనివారానికి బోరు నీళ్ళతో నింపాలి. ఆదివారం చర్చి నుంచి రాగానే గట్టు మీద బాతుల్ని వదిలి, ఫెబాకి ఫోన్ చేసి, తానేమీ మాట్లాడకుండా ఫోన్‌ని బాతుల వైపు తిప్పి పట్టుకోవాలి. అంతే.

ఫెబా అతని భార్య. కొల్లేరు ఒడ్డున పుట్టి, ముప్పై ఎనిమిదేళ్ళ కిందట పెళ్ళి చేసుకుని చిలకలూరిపేట అవతల ఉన్న ఈ ఊరికి వచ్చింది. ఇక్కడ ఎటు చూసినా పత్తి, లేకపోతే మిరప. నీళ్ళు కనపడాలంటే కాలవ వదలాలి. మూడు నెలల కిందట బావగారు పోయారని, ఆదరణ కూడిక అయ్యాక కొల్లేరు ఒడ్డునే ఉన్న అక్క దగ్గర పది రోజులుండి వస్తానని చెప్పి వెళ్ళింది. ఆ పది రోజులు ఇంకా అవలేదు.

రోజూ సాయంత్రం ఆమే ఫోన్ చేసేది. జయపాల్ ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో అటెండరుగా గంట కొట్టి రిటైరయినవాడు. చెవి కాస్త మందం, ఫోన్ ఎప్పుడూ స్పీకర్లోనే ఉంటుంది. నోరు చెవికన్నా మందం. చెప్పాల్సిందల్లా గంటే చెప్పేది కాబట్టి మాట్లాడే అలవాటు పెద్దగా పడలేదు. అతను చింతపండు జాడీ ఎక్కడుందని అడిగేవాడు. ఆమె చెప్పేది. కాసేపు ఇద్దరూ ఊరుకునేవారు. తర్వాత ఆమె, "బాతులు గోల చేస్తున్నాయండీ, ఏమీ వినపడట్లేదు. రేపు చేస్తా" అని పెట్టేసేది.

మూడు నెలలు ఇదే వరస. ఇంట్లో రెండో కంచం బోర్లించినట్టే ఉంది. ఆలోచించగా ఆలోచించగా జయపాల్‌కి ఒకటి తేలింది. ఫెబాని అక్కడ పట్టి ఉంచుతున్నవి బాతులు. బాతులుండాలంటే నీళ్ళుండాలి.

పొక్లెయిన్ నడిపే ప్రేమ్‌చంద్ మధ్యాహ్నానికి తవ్వడం ముగించి, గట్టు మీద నిలబడి తన పని తానే మెచ్చుకున్నాడు. "నల్లరేగడి బాబాయ్, ఒకసారి తడిస్తే చుక్క ఇంకదు. కానీ చెరువన్నాక చేపలుండాలి. లేకపోతే ఊరందరికీ దోమలు."

చేపల సంగతి పథకంలో లేదు. అయినా జయపాల్ చేపపిల్లలు అమ్మే అతనికి ఫోన్ చేశాడు. నీళ్ళలో వదిలే ముందు పిల్లల్ని కాస్త ఉప్పునీళ్ళలో ముంచి తీయాలని అతను చెప్పాడు. "ఎంతుప్పు?" అని అడిగితే "కొంచెం" అన్నాడు. కొంచెం అనేది కొలత కాదని జయపాల్ అభిప్రాయం. తక్కువైతే పిల్లలు చస్తాయేమోనని భయపడి రెండు బస్తాల రాళ్ళుప్పు తెచ్చి గట్టు మీద దించాడు.

పక్క కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్న వెంకయ్య ఆ బస్తాలు చూశాడు. ఇద్దరూ ఒక బెంచీ మీద కూర్చుని చదువుకున్నవాళ్ళు.

"ఒరేయ్ జయపాల్, ఏంట్రా ఈ గుంట?"

భార్య కోసమని చెప్పడానికి జయపాల్‌కి సిగ్గేసింది. "చేపలకి" అన్నాడు.

"మరి ఆ ఉప్పు?"

"అదీ చేపలకే."

"చేపలకి ఉప్పు కూర వండేటప్పుడు వేస్తార్రా, చెరువు తవ్వేటప్పుడు కాదు!" అని వెంకయ్య గట్టెక్కాడు. బస్తాల వైపు, గుంట వైపు, తన చేను వైపు చూసుకున్నాడు. అతని వియ్యంకుడిది సింగరాయకొండ అవతల సముద్రం వైపు పల్లె. పక్కవాడు రొయ్యల చెరువు వేస్తే ఆయన మాగాణి మూడేళ్ళలో ఉప్పు తేలిపోయింది. వెంకయ్య మొహంలో రంగు మారింది. గట్టు దిగి వెళ్ళిపోయాడు. ఆ వెళ్ళడం జయపాల్‌కి నచ్చలేదు కానీ, ఎందుకు నచ్చలేదో తెలియలేదు.

పొద్దుగూకేసరికి జయపాల్ రొయ్యలు వేస్తున్నాడని ఊరంతా తెలిసింది. శుక్రవారం ఉదయానికి వేసేది అతను కాదు, పొలం లీజుకి తీసుకున్న కంపెనీ అయింది. మధ్యాహ్నానికి ఆ కంపెనీ చుట్టూ ఉన్న యాభై ఎకరాలూ అడుగుతోంది. ఇక ఒక్క ప్రశ్న మిగిలింది. దానికి జవాబు చర్చి స్త్రీల సమాజం కార్యదర్శి జయకుమారి చెప్పింది.

"ఇప్పుడర్థమైంది! ఫెబక్క ఊరికే వాళ్ళక్క ఇంట్లో కూర్చుందా? ఇది వద్దని చెప్పుంటుంది. ఈయన వినుండడు. అలిగి వెళ్ళింది."

అది ఎంత సరిగ్గా అతికిందంటే ఎవరికీ అనుమానం రాలేదు. జయకుమారి అక్కడితో ఆగకుండా ఫెబాకి ఫోన్ చేసింది. "అక్కా, నువ్వు చేసిందే రైటు. మేమందరం నీ వైపే. ఆ చెరువు పూడ్చేదాకా నువ్వు మాత్రం రావద్దు!"

భార్యని రప్పించడానికి తవ్విన చెరువు, ఆమె రాకుండా ఉండటానికి ఊరు పెట్టిన షరతు అయింది. ఈ సంగతి తెలియనిది జయపాల్ ఒక్కడికే.

శనివారం సాయంత్రం ఫెబా ఫోన్ చేసింది. "పొలంలో ఏదో తవ్వించారంట?"

ఒక్క రోజు ఓపిక పడితే బాతులే చెబుతాయి. "ఏం లేదే" అన్నాడు జయపాల్.

"ఏం లేదా?"

"ఏం లేదు."

"మూడు నెలలు నేను లేకపోయేసరికి నాతో చెప్పాల్సిన పనే లేకుండా పోయిందన్నమాట. సరే లెండి. నేనిక్కడే ఉంటాను" అంది. ఈసారి బాతుల మాట కూడా ఎత్తకుండా పెట్టేసింది.

జయపాల్ ఆ రాత్రి అన్నం వండుకోలేదు.

ఆదివారం పాస్టరు జక్రయ్యగారి ప్రసంగం ఉప్పు గురించి వచ్చింది. ఆ పాఠం ఏడాది మొదట్లోనే పట్టికలో వేసుకున్నదని ఆయన తర్వాత ఎంత చెప్పుకున్నా లాభం లేకపోయింది. ఉప్పు అన్న మాట వినగానే సంఘమంతా మెడ తిప్పి జయపాల్‌ని చూసింది. చొక్కా మీద ఏదైనా పడిందేమోనని అతను రెండుసార్లు తడుముకున్నాడు.

ప్రార్థన అయి జయపాల్ పొలానికి వచ్చేసరికి, బాతులమ్మే పీరు ఆటోలో వాటిని తెచ్చి ఎదురుచూస్తున్నాడు. ఇరవై బాతులు. సిమెంటు షెడ్డులో పెరిగినవి. గట్టు మీద దించగానే వరసగా నిలబడి నీళ్ళని చూశాయి. అంత నీరు ఒకచోట ఉండటం వాటికి నచ్చలేదు. జయపాల్ చప్పట్లు కొట్టాడు, బతిమాలాడు. చివరికి తానే మోకాళ్ళ లోతుకి దిగి చూపించాడు. ఒక ముసలి బాతు అతన్ని జాలిగా చూసి వెనక్కి తిరిగింది. మిగతా పంతొమ్మిదీ దాని వెనకే నడిచాయి, నేరుగా వెంకయ్య కల్లంలోకి.

కల్లమంతా ఎర్రగా మిరపకాయలు పరిచి ఉన్నాయి. చిలకకి తెలియని కారం బాతుకి మాత్రం ఎందుకు తెలుస్తుంది? అవి కమ్మగా మేయడం మొదలుపెట్టాయి.

రొయ్యల సంగతి నిలదీద్దామని అప్పుడే పదిమందిని వెంటబెట్టుకుని వస్తున్న వెంకయ్య ఆ దృశ్యం చూసి కేక పెట్టాడు. "ఒరేయ్! చేనుకి ఉప్పు, కాయలకి బాతులా! నన్ను బతకనివ్వవా?"

అందరూ కల్లంలోకి ఉరికారు. జయకుమారి కొంగుతో తోలింది, పాస్టరుగారు గొడుగుతో తోలారు. తోలిన కొద్దీ అవి కాయల్ని తొక్కుతూ గుండ్రంగా తిరిగాయి. ఆ ఘాటుకి అందరికీ తుమ్ములు, కళ్ళ వెంట నీళ్ళు. బాతులకి మాత్రం ఏమీ కాలేదు. సరిగ్గా అప్పుడు జయపాల్ జేబులో ఫోన్ మోగింది. చేతుల నిండా బురద ఉండటం చూసి వెంకయ్యే లాక్కుని ఎత్తాడు.

"అమ్మా ఫెబా, మీ ఆయన రొయ్యలేస్తానని బాతుల్ని తెచ్చి నా కాయలు మేపుతున్నాడమ్మా!"

"బాతులేంటన్నయ్యా?"

"నేనడిగేదీ అదే!"

"ఏమండీ," అంది ఫెబా స్పీకర్లో, "బాతులెందుకు?"

జయపాల్ చుట్టూ చూశాడు. దాక్కోవడానికి చోటు లేదు. "నీకు వినిపిద్దామని" అన్నాడు.

"నాకా?"

"అక్కడ బాతులున్నాయని కదా... ఇక్కడ కూడా ఉంటే..." అందరి తుమ్ములూ ఆగిపోయాయి.

ఫెబా గొంతు మెల్లగా వచ్చింది. "రోజూ ఫోన్ చేశాను. చింతపండు అడిగారు, గ్యాస్ పుస్తకం అడిగారు. ఇంకో మాట అడుగుతారేమోనని చూసేదాన్ని. అడగకపోతే ఏడుపొచ్చేది. అది మీకు వినపడకూడదని బాతుల మీద పెట్టి ఫోన్ కట్టేసేదాన్ని. మా అక్క బాతులు సాయంత్రానికల్లా గూట్లో పడుకుంటాయండీ. అవి ఏనాడూ గోల చెయ్యలేదు."

జయకుమారి కళ్ళు ఒత్తుకుంది. ఘాటు వల్ల కావచ్చు. "అనండి బావగారూ" అంది. "ఆ ఒక్క మాట అనలేక పది సెంట్లు తవ్వించారు!"

జయపాల్ నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ తెరిచి, "రా" అన్నాడు.

"వినపడలేదు."

"రా, ఫెబా!"

ముప్పై రెండేళ్ళు లోపల దాచుకున్న గొంతు ఒక్కసారిగా బయటికొచ్చింది. ఆ అరుపుకి బెదిరిన బాతులు రెక్కలు కొట్టుకుంటూ గట్టెక్కి, అదుపు తప్పి ఒకదాని మీద ఒకటి నీళ్ళలో పడ్డాయి. పడ్డాక గానీ తాము బాతులమన్న సంగతి వాటికి తెలియలేదు.

ఫెబా మంగళవారం బస్సు దిగింది. ఊరు ఊరంతా ఎదురెళ్ళింది. సగం మంది క్షమాపణ చెప్పడానికి, మిగతా సగం మంది ఆ సగాన్ని చూడటానికి.

సాయంత్రం ఇద్దరూ గట్టు మీద కూర్చున్నారు. చాలా రోజుల తర్వాత జయపాల్ కడుపు నిండా తిన్నాడు. ఫెబా నీళ్ళని చూసి బాగుందంది. కానీ ఒళ్ళోని ఫోన్‌ని మాటిమాటికీ తిప్పి చూసుకుంటోంది. బస్సు కదిలేటప్పుడు అక్క సంతోషకుమారి చెయ్యి ఊపలేదట. బస్సు మలుపు తిరిగేదాకా అలాగే నిలబడిందట.

"ఇప్పుడక్కడ అక్క ఒక్కతే అయిపోయిందండీ" అంది. "ఒకరి దగ్గరికి రావాలంటే ఇంకొకరిని వదలాల్సిందేనా?"

జయపాల్ ఫోన్ తీసుకుని అక్క నంబరు నొక్కాడు.

"వదినగారూ, జయపాల్‌ని. మీరు కూడా వచ్చెయ్యండి."

"నేనెక్కడికి వస్తాను నాయనా," అంది సంతోషకుమారి. "మీ అన్నయ్య కూర్చున్న కుర్చీ ఇక్కడుంది. దాన్ని ఎవరికి అప్పజెప్పి రాను? నేను రాను." అటూ ఇటూ కూడా బాతులు చప్పుడు చెయ్యలేదు. "రాను గానీ, రేపు కూడా ఓసారి అడుగు" అంది.

అప్పటినుంచీ అతను రోజూ అడుగుతున్నాడు, ఆవిడ రోజూ రానంటోంది, ఇద్దరి ఆరోగ్యమూ బాగుంది.