భూమవ్వ అరువిచ్చిన పళ్ళు

ఆ రోజు పొద్దున క్రాంతి వేసుకున్న ప్లాను చాలా చిన్నది. నానమ్మ భూమవ్వను ఆటోలో కూర్చోబెట్టి, కోరుట్లలో డాక్టర్ మధుకర్ ముందు నోరు తెరిపించాలి. ఆ నోటికి క్రాంతి స్వయంగా కట్టుడు పళ్ళ సెట్టు చేసింది. "మనిషిని తీస్కరామ్మా. మాట్లాడిస్త, తినిపిస్త. పని నచ్చితే నా దవాఖానలనే చేరుదువు," అన్నాడాయన.

క్రాంతి బీడీఎస్ పూర్తి చేసి ఏడాది కావస్తోంది. జగిత్యాలలో చూస్తే సందుకో పళ్ళ దవాఖాన. తోటివాళ్ళంతా హైదరాబాదు చేరి, మెడికల్ కోడింగ్ ఉద్యోగాల్లో కంప్యూటర్ల ముందు కూర్చుని ఎవరెవరి రోగాలకో కోడ్లు వేస్తున్నారు. స్నేహితురాలు రాధిక ఆమెకూ ఒక కుర్చీ చూసిపెట్టింది. ఈ రోజు మధుకర్ కాదంటే రేపు క్రాంతి హైదరాబాదు బస్సెక్కాల్సిందే. పిచ్చిపిల్లకు పళ్ళంటే ప్రాణం.

"బాపమ్మా, పండ్లు పెట్టుకున్నవా?"

"నర్సక్కకు ఇచ్చిన," అంది భూమవ్వ తాపీగా.

"ఇచ్చుడేంది!"

"సిరిసిల్లల దాని మనుమరాలి ఎంగేజ్‌మెంట్ గదనే. మెడల ఏసుకోను గుండ్ల పేరు ఇయ్యమని అచ్చింది. గుండ్ల పేరు నాకేడిది? బోసినోటితోని ఏం ఫొటో దిగుతవు, పండ్లు తీస్కపో అన్న. కడిగే ఇచ్చిన తియ్యి."

శుభకార్యానికి నగలు అడగడం, ఇవ్వడం కథలాపూర్‌లోని ఆ వాడకు అలవాటే. పళ్ళు మాత్రం ఇదే మొదలు.

"గది నీ నోటి కొలతకు చేసిన బాపమ్మా!"

"నర్సక్క నోరు నా నోటికన్న పెద్దదే. మంచిగనే వడుతది."

తండ్రి యోహాను వాళ్ళిద్దరినీ ఎక్కించుకుని తన ఆటోను సిరిసిల్ల వైపు తిప్పాడు. రుద్రంగి దాటాక మధుకర్ ఫోన్ చేశాడు. "దారిలనే ఉన్నం సార్," అంది క్రాంతి. ఏ దారిలోనో చెప్పలేదు.

పెళ్ళివారింట్లో నర్సక్క సోఫా నడుమ పెదవులు బిగించి కూర్చుని ఉంది. నల్లా నీళ్ళ దగ్గర ఆమె గొంతెత్తితే పక్క వాడకు వినిపిస్తుంది. ఇప్పుడు నోరు తెరిస్తే పై వరస ఊడి కింద పడేలా ఉంది. అందుకే ఎవరేమడిగినా తల ఊపి, మూసిన నోటితోనే నవ్వుతోంది. పెళ్ళికొడుకు తండ్రి కరుణాకర్ మురిసిపోతున్నాడు.

"ఎంత నిమ్మళమైన మనిషి! ఈమె నోరు మంచిది గాదని ఎవడో చెప్పిండు. వాని నోరు పడిపోను!"

క్రాంతి వెనక నుంచి వంగి, "అవ్వా, జర పండ్లు ఇయ్యి," అని గుసగుసలాడింది. నర్సక్క వద్దన్నట్టు తల ఊపి, పెళ్ళికూతురు లత వైపు చూసింది. నర్సక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. క్రాంతికి అర్థమైంది. ఆ పళ్ళ మీద ఇప్పుడు తన ఉద్యోగమే కాదు, లత పెళ్ళి కూడా ఆధారపడి ఉంది. పాపం, లాక్కోవడానికి ఆమెకు మనసొప్పలేదు. నవ్వాలో ఏడ్వాలో తెలియక పక్కనే కూలబడింది.

కరుణాకర్ ఇదంతా గమనించనే గమనించాడు. "గీ పిల్లెవరు?"

యోహాను కంగారులో, "డాక్టరండి," అనేశాడు.

"డాక్టరా! ముసలామెకు ఏమైంది?"

"ఏం గాలేదండి, ఊకెనే చూస్తానికి."

ఊరికే చూడడానికి కథలాపూర్ నుంచి సిరిసిల్లకు డాక్టరెందుకు వస్తుంది? గుసగుసలు మొదలయ్యాయి. పక్షవాతమట అన్నారొకరు. కాదు, మాటే పడిపోయిందట అన్నారింకొకరు. కరుణాకర్ లేచి నిలబడ్డాడు. "గంత రోగం దాచిపెట్టి పిల్లనిస్తరా?"

పొద్దుటి నుంచి బిగబట్టుకున్న నర్సక్క ఇక ఆగలేకపోయింది. "ఎవలికిరా రోగం!"

ఆ మాటతో పాటే సెట్టు ఎగిరి లడ్డూల పళ్ళెంలో పడింది.

"నా పండ్లు!" అంటూ భూమవ్వ అందరినీ తోసుకుని వచ్చింది.

పళ్ళెం ముందు పెళ్ళికొడుకు నానమ్మ కూర్చుని ఉంది. పొద్దుటి నుంచి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని సిగ్గుపడుతున్న పెద్దావిడ. ఆమె మెల్లగా కొంగు తీసింది. లోపల ఒక్క పన్నూ లేదు. "వదినే, నాక్కూడ ఒక్క ఫొటోకు ఇస్తవా?"

ముందు లత నవ్వింది. తర్వాత ఇల్లంతా నవ్వింది. పక్క గదుల నుంచి మరికొందరు ముసలమ్మలు వచ్చి, మాకూ కావాలంటూ క్రాంతి చుట్టూ మూగారు. అప్పుడే మళ్ళీ మధుకర్ ఫోన్. క్రాంతికి విసుగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేసింది.

అవతల నుంచి పగలబడి నవ్వు. "డిగ్రీ పట్టుకొని మస్తుమంది అస్తరమ్మా. పేషెంట్లను పట్టుకొని ఎవ్వలు రాలే. అందర్ని తీస్కరా, రేపటి సంది డ్యూటీ ఎక్కు."

క్రాంతి కళ్ళు తుడుచుకుంది. సంతోషం వస్తే ఆమెకు ముందు ఏడుపే వస్తుంది.

సంబంధం ఖాయమైంది. నోరు ఖాళీ అయిన నర్సక్క మాత్రం పొద్దుటి నుంచి దాచుకున్నదంతా ఒక్కసారే బయటపెట్టింది. లడ్డూలో నెయ్యి తక్కువ దగ్గర మొదలుపెట్టి, వియ్యాలవారి కుర్చీల వరుసకు, అక్కడి నుంచి కరుణాకర్ మీసాలకు వచ్చింది. ఆయన మెల్లగా జారుకుని క్రాంతి పక్కన చేరాడు.

"డాక్టరమ్మా, ముందుగాల ఈమెకు జల్ది చెయ్యి."

"చేస్తనండి. ఈసారి గట్టిగ, ఊడకుంట చేస్త."

"వద్దు బిడ్డా," అన్నాడు కరుణాకర్. "జర వదులుగనే చెయ్యి."