పెట్టెను విప్పి గీసిన దర్జీ

హలో, అందరికీ వినపడుతోందా? టీ తాగేవాళ్ళు తాగుతూనే వినండి, కథ చిన్నదే. ఒక దర్జీది.

ఆ మంగళవారం పొద్దున దర్జీ అనుకున్నది ఒక్కటే పని. కూతురికి కొత్త ఉద్యోగం వచ్చింది, సోమవారం చేరాలి. ఆమెకు కోటు కత్తిరించాలి. బల్ల మీద బట్ట పరిచి, సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాడో లేదో, లెక్కల మాష్టారు కొత్త ప్యాంటు భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చాడు.

"ఏమయ్యా, దీనికి జిప్పేదీ?"

దర్జీ తిప్పి చూశాడు. జిప్పు ఉండాల్సిన చోట గాలి తప్ప ఏమీ లేదు. కుట్టు పూర్తయినవి ఎడమ కొక్కేనికి, కానివి కుడి కొక్కేనికి తగిలించడం నలభై ఏళ్ళ అలవాటు. ఇది ఎడమ కొక్కేనికి ఎప్పుడు వెళ్ళింది?

"ఏమో మాష్టారూ, గుర్తు రావట్లేదు" అన్నాడు.

ఆ మాట లోపలున్న కూతురి చెవిన పడింది. "పద నాన్నా. ఆసుపత్రిలో జ్ఞాపకశక్తికి పరీక్ష పెడతారట. అరగంట పని."

ఆసుపత్రిలో డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. ముందు ఒక పెట్టె బొమ్మ చూపించి, చూసి గీయమంది. దర్జీ దాన్ని రెండు నిమిషాలు పరిశీలించి, కాగితం మీద ఆరు చదరాలు విడదీసి పరిచాడు. చుట్టూ కుట్టుకోసం పావు అంగుళం వదిలాడు. అలా వదలకపోతే పెట్టె బిగుతైపోతుంది మరి.

"రైలుకీ సైకిలుకీ పోలిక ఏంటి?"

"రెండూ ప్యాంటు సీటు అరగదీస్తాయమ్మా."

"ఈ జంతువు పేరు?"

అది ఖడ్గమృగం. దర్జీ దాన్ని ఎన్నడూ చూడలేదు. "పేరు తెలీదు గానీ, దీని నడుముకి నా టేపు చాలదు."

డాక్టరమ్మకు నవ్వు వచ్చింది, కానీ మార్కులు వేసే కాగితానికి నవ్వు రాదు. ముప్పైకి పదకొండు వచ్చాయి. ఆమె కాస్త ఇబ్బందిగా కదిలింది. "ఈ లెక్కన చూస్తే జాగ్రత్తగా ఉండాల్సిందే. కానీ నాకెందుకో సరిగ్గా అనిపించట్లేదు. చాలా దేశాల ఆసుపత్రులు కలిసి, పేర్లు తీసేసి, ఇలాంటి జవాబులన్నీ ఒకచోట పెట్టుకుంటున్నాయి. మీవీ పంపనా?"

"నా తెలివి ఇంట్లో తెలిసింది చాలదామ్మా?" అంటూనే దర్జీ సంతకం పెట్టాడు.

ఇంటికి రాగానే కూతురు కత్తెర బీరువాలో పెట్టి తాళం వేసింది. భార్య చీటీలు రాసి అంటించింది. ఉప్పు డబ్బా మీద "ఉప్పు", చక్కెర డబ్బా మీద "చక్కెర". ఊపులో తలుపు మీద కూడా "తలుపు" అని అంటించేసింది. పక్కింటాయన వచ్చి, చెవుడు కూడా వచ్చిందనుకున్నాడో ఏమో, "నేనెవరో చెప్పు చూద్దాం" అని వీధంతా వినపడేలా అడిగాడు. బట్టలిచ్చిన వాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, ఎవరిది ఏదో ఇంకా గుర్తుండగానే పట్టుకుపోయారు. గురువారానికి దర్జీ తలుపు ముందు నిలబడి, చీటీ చదివి, అవును, తలుపే అనుకున్నాడు.

"మరి నీ కోటో?" అని కూతుర్ని అడిగాడు.

"రెడీమేడ్ కొనుక్కుంటాలే నాన్నా."

పదకొండు మార్కులు పెట్టని బాధ ఆ మాట పెట్టింది. ఆమె పుట్టిన దగ్గర్నుంచీ ఇంకొకరు కుట్టిన బట్ట వేసుకోలేదు.

శుక్రవారం పొద్దున్నే డాక్టరమ్మ ఫోన్ చేసి పిలిపించింది. కంప్యూటరు తెర ఇటు తిప్పింది. తెర నిండా పెట్టెలు. అన్నీ విప్పి పరిచినవే. పైకి జరుపుతూ పోతుంటే వస్తూనే ఉన్నాయి. ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో, వణికే చేతులతో, బడి ముఖం సరిగా చూడనివాళ్ళు గీసినవి. దర్జీ కళ్ళజోడు తుడుచుకుని దగ్గరికి వంగాడు.

"వీళ్ళ పేర్లు నాకూ తెలీవు. ఏ పని చేసేవాళ్ళో మాత్రం రాసి ఉంది" అంది డాక్టరమ్మ.

"చెప్పకమ్మా, ఆగు. ఇతను అరంగుళం వదిలాడు. తోలు పని. ఈమె అంచు రెండు మడతలేసింది, గుడారాలు కుడుతుంది. ఇతనసలు కుట్టే మనిషే కాదు, మూలలు తెరిచి ఉంచాడు. రేకు డబ్బాలు చేస్తాడు."

డాక్టరమ్మ ఒక్కొక్కటే నొక్కి చూసింది. మూడూ నిజమే. ఆమె దర్జీ పాత కాగితం తీసి, పదకొండు మీద అడ్డగీత గీసింది.

"ఇన్నాళ్ళూ మీ అందరికీ ఇంకొకరి కొలతలతో మార్కులేశామండీ" అంది. ఆ జవాబులన్నీ చూసి సరిచేసిన పరీక్ష మళ్ళీ పెట్టింది. ముప్పైకి ఇరవై ఎనిమిది.

కూతురు ఇంటికి రాగానే బీరువా తెరిచి కత్తెర తండ్రి చేతిలో పెట్టి, కొలతలకు చేతులు చాపి నిలబడింది.

"కొలతలెందుకే, నాకు తెలీవా?" అని దర్జీ బట్ట పరిచాడు. కత్తెర ఆగకుండా సాగింది.

అప్పుడే లెక్కల మాష్టారు జిప్పు కోసం వచ్చాడు. "మొన్న నువ్వు భోజనానికెళ్ళినప్పుడు నేనే తీసుకెళ్ళానయ్యా, ఆ కుడి కొక్కెం నుంచి. నీతో చెప్దామనే అనుకున్నా. మర్చిపోయా."

కూతురు ఆయన్ని ఒకసారి తేరిపార చూసి, డాక్టరమ్మకు ఫోన్ కలిపింది.

ఈ కథ మీకు తెలిసిన నలుగురికీ పంపండి. లెక్కల మాష్టారికి మాత్రం రెండుసార్లు పంపండి.