నా మహాత్యాగానికి జరిగిన సన్మానం

తోటపల్లి గూడూరు మండలంలోని మా క్రైస్తవ సంఘం వారు గత ఆదివారం నాకు శాలువా కప్పడం జరిగిందని పాఠక మహాశయులకు సవినయంగా తెలియజేసుకుంటున్నాను. అందుకు దారితీసిన పరిస్థితులు ఈ దిగువన ఉన్నవి.

నా పేరు గిద్యోను. రొయ్యల రైతును. ల్యాబ్ రిపోర్టు లేనిదే ఒక్క రొయ్యపిల్లను గుంటలో వదలను. నీళ్లకు పరీక్ష, మట్టికి పరీక్ష, మేతకు పరీక్ష. పెళ్లయి తొమ్మిదేళ్లయినా బిడ్డలు కలగనందున నా భార్య అబిగయీలుకు కూడా ఏ పరీక్షా తక్కువ చేయలేదు. నెల్లూరులో మూడు ఆసుపత్రులు, చెన్నైలో రెండు. మీసమున్నవాడికి పరీక్ష దేనికని నా విషయంలో నేనే ప్రతిపాదించి, నేనే ఆమోదించాను.

ఈలోగా మందిరంలో బిడ్డల ప్రతిష్ఠ, అంటే బిడ్డలను దేవునికి సమర్పించే ప్రార్థన, జరిగేటప్పుడు పసివాళ్లను అబిగయీలు చేతికి ఇవ్వరాదని మా అమ్మ రెబెక్కమ్మ అధ్యక్షతన స్త్రీల సమాజం తీర్మానించింది. ఆమెకు వెనక బల్ల కేటాయించారు. నేను ముందు బల్లలో కూర్చుని పాటలు పాడేవాణ్ణి.

ఆమెకు చేయించడానికి ఇంకే పరీక్షా మిగలనందున చివరికి నేను ఒప్పుకోగా, చెన్నైలో పరిశోధన చేసే డాక్టర్ ఎవాంజెలిన్ గారు నా చేతి మీద గోరంత చర్మం తీసుకున్నారు. దాన్ని మూలకణాలుగా మార్చి, వీర్యకణాలయ్యే దారిలో పెంచి చూశారు. అవి సగం దారిలో ఆగిపోయాయి. జన్యువులో ఒక లోపాన్ని సరిచేస్తే ముందుకు కదిలాయి.

"లోపం మీదే గిద్యోను గారూ. ఆమెలో ఏ లోపమూ లేదు" అన్నారు.

నాకు సిగ్గేసింది. తొమ్మిదేళ్ల సిగ్గు ఒక్కసారే వేసింది.

తిరుగు బస్సులో అబిగయీలు ఒకటే అడిగింది. "ఆదివారం మీ తమ్ముడి బిడ్డకు ప్రతిష్ఠ గదా. ఈ మాట మందిరంలో చెప్పండి. అప్పుడైనా బిడ్డను నా చేతికిస్తారు."

చెప్పాను. ఆరాధనలో సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచి, "లోపం నాది, అబిగయీలుది కాదు" అని రిపోర్టు చూపించాను. సంఘ పెద్ద జీవానందం గారు దాన్ని చదవకుండానే కళ్లకద్దుకున్నారు.

"చూసినారా! పెండ్లాం పరువు కోసం తప్పంతా నెత్తిన ఏసుకున్నాడు. ఇట్టాంటి మొగుడు ఎంతమందికి దొరుకుతాడు?"

మా అమ్మ వెక్కివెక్కి ఏడ్చింది. శాలువా వచ్చింది. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. చప్పట్లు బాగున్నందున మూశాను.

బిడ్డను మా అమ్మ ఎత్తుకుంది. అబిగయీలు వెనక బల్లలోనే ఉండిపోయింది. ఇంటికొచ్చాక శాలువా మడతపెడుతూ, "మీకు బాగా నప్పింది" అంది.

అందుకే ఈసారి ఏదీ దాచకుండా మీ ముందు రాసుకున్నాను. ఎంత నిజాయితీపరుడో అని మీరూ అనుకుంటున్నట్టున్నారు. అనుకోండి, నేను అడ్డుచెప్పను.