గుడ్డ తిప్పిన బావ

ఆ ఆదివారం హరినాథ్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే తిరుపతిలో బయలుదేరి, ఏర్పేడు దాటి సొంతూరు కొత్తపాళెం చేరాలి. బావతో కలిసి చెరువులో నాలుగు కొర్రమీన్లు పట్టాలి. చెల్లెలు చేసిన పులుసుతో సంగటి తిని, చీకటి పడకముందే ఇల్లు చేరాలి. ఇందులో కష్టమైనది చేపలు పట్టడం కాదు, బావతో కలవడం.

బావ చెంగయ్యకూ ఆయనకూ కొన్నేళ్లుగా మాటల్లేవు. హరినాథ్ కూతురు జాహ్నవి పెళ్లి ఆల్బంలో చెంగయ్య సరిగా పడిన ఫొటో ఒక్కటీ లేదు. ఉన్న ఒక్కదాంట్లో ఆయన మొహానికి అడ్డంగా లైటు పట్టుకున్నవాడి మోచెయ్యి ఉంది. "మోచేతికి ఉండే మర్యాద గూడా నాకు లేకపాయ" అని చెంగయ్య అన్నాడు. ఒక మాటకు రెండు మాటలు పెరిగాయి. రాకపోకలు ఆగిపోయాయి. ఇద్దరు మగవాళ్ల పౌరుషానికి నలిగింది మాత్రం చెల్లెలు మోహన. అన్నను చూడాలంటే తిరుపతిలో ఎవరి పెళ్లికో పోయి, భోజనాల వరసలో దొంగగా పలకరించి రావాల్సి వచ్చేది.

ఈ ఏడు ఊరి చెరువులో చేపల వేలం చెంగయ్య పాడుకున్నాడు. నడివేసవికి నీళ్లు ఇంకి నడిమధ్యకు చేరాయి. సోమవారం మద్రాసు వ్యాపారి లారీ వస్తుంది, వలలు దిగుతాయి. శనివారం మోహన అన్నకు ఫోన్ చేసింది.

"అన్నా, ఆయనే నిన్ను పిలవమన్నాడు. నోరు తెరిచి అన్లేదు గానీ, 'గాలమేసేదానికి తోడు లేకపాయనే' అని రెండుసార్లు గొణిగినాడు. ఆయనకు గాలం తోడు నువ్వు గాక ఇంకెవురు? వచ్చి, నోరు మూసుకోని చేపలు పట్టి పోన్నా. ఈసారి గానీ చెడిందంటే నాకు పుట్టిల్లు లేనట్టే."

ఆ చివరి మాట హరినాథ్‌ను రాత్రంతా గుచ్చింది. అందుకే, ఎప్పుడో ముచ్చటపడి ఫోన్‌లో తెప్పించుకున్న మూడు గాలం రీళ్లనూ అటక మీదనుంచి దింపాడు. ఇరవై కిలోల చేపనైనా లాగుతాయని పెట్టెల మీద రాసి ఉంది. పెట్టె మీద రాయడానికేం, ఏదైనా రాస్తారు.

"స్వీట్లు తీసుకుపోండి, చాలు. రీలూ గీలూ ఎందుకు?" అంది భార్య నందిని.

"నీకు తెల్దులే. ఇది సూస్తే వాడి కోపం సగం దిగతాది."

"మిగతా సగం?"

"పులుసుకు దిగతాది."

చిన్నప్పుడు ఇద్దరూ ఆ చెరువు గట్టునే పెరిగారు. బడి ఎగ్గొట్టి చెరువుకు పోయే అడ్డదారి వాళ్లిద్దరూ నడిచి నడిచి వేసిందే. చివరికి బడే విసిగి ఏడో తరగతిలో ఇద్దర్నీ వదిలేసింది. వెదురు కట్టె, గోతం నుంచి పీకిన దారం, తెగిన హవాయి చెప్పు ముక్కతో బెండు, కొబ్బరి చిప్పలో ఎర్రలు. అందులో విరగడానికి ఏమీ లేదు గనక ఏదీ విరగలేదు. చేప పడితే ఇద్దరూ కాల్చుకు తిన్నారు, దెబ్బలు పడితే ఇద్దరూ తిన్నారు. చెంగయ్య మోహనను పెళ్లికి అడిగినప్పుడు ఇంట్లో అందరికంటే ముందు ఒప్పుకున్నది హరినాథే. ఇప్పుడు కావలసినవన్నీ ఇంటి గుమ్మానికి వచ్చి పడుతున్నాయి, మనుషులు తప్ప.

కొత్తపాళెంలో చెంగయ్య నులక మంచం మీద కూర్చుని ఉన్నాడు. బామ్మర్ది లోపలికి వస్తే తల ఎత్తలేదు.

"ఏమే, మీ అన్న కాపీ తాగతాడేమో అడుగు."

హరినాథ్ ఆయనకు మూరెడు దూరంలో నిలబడి ఉన్నాడు. "తాగతానని సెప్పమ్మా."

"సక్కెర ఎంతెయ్యాల్నో అడుగు."

"ఆయప్పకు తెల్దా అని అడుగమ్మా."

మోహన నెత్తి కొట్టుకుంది. "రోట్లో మసాలా పెట్టొచ్చినా నేను. సింతపండు నానబోసినా. ఇద్దురూ కలిసి కొర్రమీను తేకుండా గడప తొక్కినారంటే మధ్యాన్నానికి ఉత్త పులుసే, సెప్తాండా."

చెరువు కాడ మోహన లేదు గనక ఇద్దరూ నీళ్లతో మాట్లాడటం మొదలుపెట్టారు.

కట్ట మీద అప్పటికే వందమంది పైగా జనం ఉన్నారు. అక్కడొక ఆనవాయితీ ఉంది. వేలం పాడుకున్నవాడి పని అయిపోయాక, తూము బండ మీద నిలబడి తెల్లటి తుండుగుడ్డ తల పైన గిరగిరా తిప్పుతాడు. గుడ్డ తిరిగితే ఇక చెరువు ఊరిది, ఎవరికి చిక్కింది వాళ్లది. తిరిగేదాకా ఎంత ఆశపోతైనా నీళ్లలో కాలు పెట్టడు. గుడ్డ తిరగాల్సింది సోమవారం, వ్యాపారి వలలు లేచాక. అయినా ముందురోజే వచ్చి చోటు పట్టుకోవడం కూడా ఆనవాయితీయే. గంపలు, దోమతెరలు, పాత చీరలు ముందు పెట్టుకుని, అందరూ నీళ్లకేసి చూస్తూ కూర్చున్నారు. ముందు వరసలో సిద్ధమ్మ. సూదిలో దారం ఎక్కించడానికి ఆమెకు కళ్లు చాలవు గాని, చెరువులో చేప తోక ఆడిస్తే ఎంత బరువుంటుందో చెప్పగలదు.

హరినాథ్ అన్నిటికంటే ఖరీదైన రీలు తీసి, మాట్లాడకుండా బావ ముందు పెట్టాడు. చెంగయ్య, ఎవరో పారేసింది దొరికినట్టు తీసుకుని విసిరాడు. మూడో విసురుకు తిప్పే పిడి ఊడి ఆయన చేతిలోకి వచ్చింది.

చెంగయ్య ఆ పిడిని చూసి, చెరువుతో అన్నాడు: "పెద్దమనుషులు సేసే మర్యాద ఎప్పుడూ ఇంతే. పిడి మటుకు మన సేతిలో పెడతారు."

"కొందురు ఇసరమంటే పిడకలు కొట్టినట్టు కొడతారు. రీలు యాడ నిలస్తాది?" అన్నాడు హరినాథ్, తామరాకులతో.

రెండో రీలు తీశారు. దానికి దారం ఆపే కమ్మీ ఒకటి ఉంది. హరినాథ్ విసరగానే అది టప్పున విరిగి ఎగిరి చెరువులో పడింది. దారం అంతా కాకిగూడులా చుట్టుకుంది. ఆ చిక్కు ఒక్కడి వల్ల అయ్యేది కాదు. ఇద్దరూ తూము బండ మీద ఎదురెదురుగా గొంతుకూర్చుని విప్పసాగారు. తలకాయలు దగ్గరైతే పాత సంగతులు వాటంతటవే వస్తాయి.

"మునసామి మేస్త్రి గోచీ నీకు గ్యాపకం ఉండాదా?" అన్నాడు చెంగయ్య, దారంతో.

మునస్వామి మేస్త్రి ఒకనాడు కట్ట మీద గోచీ ఆరేసుకుని ఈదుతుంటే, వీళ్ల గాలం తగులుకుని అది చెరువు మధ్యకు పోయింది. పాపం ఆయన సాయంత్రం దాకా తామరాకుల్లో గొంతు దాకా కూర్చున్నాడు. హరినాథ్ నవ్వాపుకోవాలని చూశాడు. కుదరలేదు. చెంగయ్య భుజాలు కూడా కదిలాయి. ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, నవ్వినందుకు సిగ్గుపడి, మళ్లీ మొహాలు ముడుచుకున్నారు. కానీ ఈసారి ముడి అంత బిగువుగా లేదు.

మూడో రీలుకు చేప పడింది. మామూలు చేప కాదు. గాలం కర్ర విల్లులా వంగింది. హరినాథ్ రెండు చుట్లు తిప్పాడో లేదో, రీలు లోపల పళ్లు నూరిన చప్పుడు వచ్చింది. మరు నిమిషంలో దారపు కండె ఊడి, బండ మీద దొర్లి, నీళ్లలోకి దూకింది. హరినాథ్ దారాన్ని ఒంటి చేత్తో పట్టుకున్నాడు. అది అరచేతిలోకి కోసుకుపోయింది.

"సెయ్యి తెగతాదిరా హరినాథూ! ఇది సుట్టుకో!" అంటూ చెంగయ్య భుజాన ఉన్న తెల్ల తుండుగుడ్డ తీసి ఆయన చేతికి చుట్టాడు. కొన్నేళ్ల తర్వాత నేరుగా అన్న మొదటి మాట అది. హరినాథ్‌కు చెయ్యి నొప్పి తెలియలేదు.

"నేను దిగి సెవులు పట్టుకుంటా, నువ్వు లాగేది ఆపద్దు!" అని చెంగయ్య రొమ్ముల లోతు నీళ్లలోకి దిగాడు.

ఇక రీలు లేదు గనక చెయ్యే రీలు. తామరతూళ్లలో దారం చిక్కకుండా హరినాథ్ చేతిని తల పైకెత్తి, గుండ్రంగా తిప్పుతూ దారాన్ని మోచేతికి చుట్టుకోసాగాడు. చేతికి చుట్టిన గుడ్డ కొస ఊడింది. తూము బండ మీద, తల పైన, తెల్లగుడ్డ గిరగిరా తిరిగింది.

"తిరిగెరా గుడ్డ!" అంది సిద్ధమ్మ.

జనం లేచారు. ఊరి పెద్ద మునివెంకటప్ప చేతికర్ర అడ్డం పెట్టాడు. ఆయన దేన్నీ విచారించకుండా ఒప్పుకునే రకం కాదు.

"ఆగండ్రా. గుడ్డ సెంగయ్యదేనా?"

"ఆయప్పదే. నీలం అంచు."

"బండ మీద ఎవురు?"

"బామ్మర్ది."

మునివెంకటప్ప కళ్లు చెమర్చాయి. "మాటలొచ్చినాయన్న మాట. ఆ సంతోషంలో బామ్మర్ది సేత తిప్పిస్తాండాడు. గొప్ప మనసు. దిగండి!"

వందమంది కట్ట దిగి పరుగెత్తుకు వస్తుంటే చూసి హరినాథ్‌కు కూడా మనసు నిండిపోయింది. ఊరంటే ఇది, ఒకడికి చేప పడితే ఊరంతా సాయం వస్తుంది, తిరుపతిలో పక్కింటివాడు కూడా రాడు అనుకున్నాడు. చెయ్యి ఇంకా జోరుగా తిప్పుతూ కేకలు పెట్టాడు. "రాండప్పా, రాండి! బిరబిరా రాండి! శానా పెద్దది!"

అంతకంటే స్పష్టంగా ఎవరు పిలుస్తారు? వెనకబడినవాళ్లు కూడా దూకారు. దూకేముందు పక్క ఊళ్లలో చుట్టాలకు ఫోన్లు చేశారు. కాసేపటికి కట్ట మీద ఆటోలు ఆగాయి.

చెంగయ్య వెనక్కి తిరిగి చూసేసరికి చెరువులో నీళ్లు కనబడలేదు, మనుషులే కనబడ్డారు. "ఆగండ్రా! ఎవురు దిగమనిరి?" అని అరిచాడు. పక్కనే గంప బోర్లిస్తున్న సిద్ధమ్మ ఆయన గడ్డం పుణికింది. "ఏం మనసు నాయనా నీది! వల ఎయ్యకముందే మాకు ఇడిస్తివే! ఈ సెరువు పాడుకున్నోళ్లను ఎంతమందినో సూసినా, నీ మాదిరి ఒక్కడూ లేడు." ఆమె ఎత్తిన గంపలో, మూతికి గాలంతో సహా, ఆ కొర్రమీను ఉంది. సిద్ధమ్మ దారాన్ని పళ్లతో తెంపి, చేపను కొంగులో వేసుకుంది.

బండ మీద హరినాథ్ చేతిలో బరువు తేలికైంది. అప్పటికి గాని ఆయన చెయ్యి ఆగలేదు. అప్పటికి గాని ఆయన గుడ్డ వైపు చూడలేదు.

మధ్యాహ్నానికి చెరువులో బురద మిగిలింది. మోహన వార్త విని పరుగెత్తుకు వచ్చింది. నెత్తి నుంచి కాళ్ల దాకా బురదతో గట్టెక్కిన మొగుణ్నీ, మోచేతికి దారం చుట్టుకుని నిలబడ్డ అన్ననూ చూసి కూలబడింది. చెంగయ్య బామ్మర్ది ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"ఒరే హరినాథూ! తిరపతిలో ఇల్లు కట్టినోడివి, రెండు రూకల బుద్ధి కొనుక్కోలేకపోతివా? గుడ్డంటే ఏందో నీకు తెల్దా? ఈ బండ మీదే కదరా ఇద్దురం పెరిగినాం! ఇరిగిపోయే సామాను ఎత్తుకోనొచ్చి నా సెరువు ఊడ్సి పెడితివి!" చెరువుతో మొదలై, ఆల్బం మీదుగా, చిన్నప్పుడు పంపకంలో తనకు రాకుండా పోయిన చేప తలకాయ దాకా పోయాడు. హరినాథ్ మోచేతికి చుట్టుకున్న దారం విప్పుకుంటూ అన్నీ విన్నాడు.

మునివెంకటప్ప గొంతు సవరించుకున్నాడు. పొరపాటున తిరిగిన గుడ్డ గుడ్డ కాదని, పట్టిన దాంట్లో సగం ప్రతివాళ్లూ తెచ్చి తూము కాడ పొయ్యాలని తీర్పు చెప్పాడు. కొత్తపాళెం వాళ్లు మర్యాదస్తులు. గొణుక్కుంటూనే తెచ్చి పోశారు. చిన్నవి తెచ్చి పోశారు. సోమవారం లారీవాడికి చూపించడానికి ఒక కుప్పంటూ పడింది, చెంగయ్య మునిగిపోకుండా మోకాటి లోతులో నిలబడ్డాడు.

హరినాథ్ మూడు విరిగిన రీళ్లనూ సంచిలో వేసుకున్నాడు. "పోయొస్తానమ్మా" అన్నాడు చెల్లెలితో, మొహం చూడలేక. మోహన కొంగు నోట్లో కుక్కుకుంది.

"యాడికి?" అన్నాడు చెంగయ్య.

"ఇంటికి."

"తిట్టేది అయిపోయిందని ఎవురు సెప్పినారు నీకు? ఇంకా నీ పెళ్లినాటివి అట్లే ఉండాయి. కూడు తిని తిడతా. పద."

ఇంట్లో ఉత్త పులుసు కాగుతోంది. ఇద్దరూ పీటలు వేసుకుని కూర్చున్నారో లేదో, వాకిట్లో సిద్ధమ్మ గిన్నెతో వచ్చింది. "పాడుకున్నోడి ఇంట్లో చేప లేకపోతే మాకు దిగతాదా నాయనా?" ఆమె వెనక ఇంకొకరు, వాళ్ల వెనక ఇంకొకరు. మామిడికాయ వేసింది ఒకటి, వంకాయ వేసింది ఒకటి, కారానికి ముక్కు కారేది ఒకటి. ఒక్కో గిన్నెలో ముక్క సైజు చూస్తే, తూము కాడికి తిరిగొచ్చిన ఏ చేపకూ అంత నడుం లేదు. చెంగయ్య ఆ ముక్కల్ని చూశాడు, హరినాథ్‌ను చూశాడు, పెద్దది తీసి హరినాథ్ సంగటి మీద పెట్టాడు. పెట్టి, తిట్టడం మళ్లీ అందుకున్నాడు. హరినాథ్ చీకటి పడినా ఇల్లు చేరలేదు.

మర్నాడు పొద్దున్నే తిరుపతిలో హరినాథ్ ఫోన్ మోగింది. "నిన్న ఒకటి మర్సిపోయినా" అని చెంగయ్య పావుగంట తిట్టాడు. మంగళవారం ఇంకొకటి గుర్తొచ్చింది. అప్పట్నుంచి రోజూ కాఫీ వేళకు ఆ ఫోన్ వస్తోంది. మధ్యలో మోహన లాక్కుని నందినితో మాట్లాడుతుంది. తర్వాత మళ్లీ తిట్లు.

మొన్న ఒక రోజు ఎనిమిదైనా మోగలేదు. హరినాథ్ కాఫీ ముట్టలేదు. ఫోన్‌లో చార్జింగు ఉందో లేదో చూశాడు, గుమ్మం దాకా పోయి వచ్చాడు. చివరికి తనే చేశాడు.

"ఏం బావా, ఈ పొద్దు తిట్టలేదే?"

"జొరంగా ఉండాదప్పా. రేపు రెండు దినాలవీ కలిపి తిడతాలే, పెట్టెయ్."