మితోన్నత ఆముదం

"వచ్చే ఉగాది నాటికి ఈ రాష్ట్రంలో ఒక సామెతను సమూలంగా నిర్మూలిస్తాం" అని నూనెగింజల శాఖామాత్యులు జోగేశ్వరరావు గారు రాజమండ్రి బహిరంగ సభలో ప్రకటించారు. అంతకుముందు ప్రభుత్వాలు మశూచిని నిర్మూలించాయి. మలేరియాను నిర్మూలిస్తామన్నాయి. పేదరికం సంగతి పరిశీలనలో ఉంది. సామెత మీద చెయ్యి వేసిన మొదటి మంత్రి మాత్రం ఈయనే.

కారణం లేకపోలేదు. వారం కిందట అసెంబ్లీలో ప్రతిపక్ష సభ్యుడొకాయన మంత్రిగారి వైపు చూసి, "ఏ చెట్టూ లేని చోట ఆముదపు చెట్టే మహావృక్షం" అన్నాడు. ప్రతిపక్షం నవ్వింది. అధికారపక్షం ఇంకాస్త ఎక్కువ నవ్వింది. ఆ నవ్వును మంత్రిగారు మూడు రోజులు ఓర్చుకుని, నాలుగో రోజు ఒక శాస్త్రీయ నిర్ణయానికి వచ్చారు. ఆముదపు చెట్టు పొడుగ్గా ఉన్నంత కాలమే ఆ సామెత బతుకుతుంది. చెట్టును పొట్టి చేస్తే సామెత దానంతటదే చస్తుంది.

ఆ భారం వచ్చి కాశీవిశ్వనాథం నెత్తిన పడింది.

ధవళేశ్వరం దిగువన లంక నేలలో ఉన్న ఆముదం పరిశోధనా కేంద్రానికి విశ్వనాథం ఒక్కడే శాస్త్రవేత్త. ఆముదం పండే జిల్లాల్లో జాగా దొరక్క, ఆ కేంద్రాన్ని ఆముదం పండించని చోట పెట్టారు. ఎనిమిదేళ్ళుగా అతను ఒకే పని మీద ఉన్నాడు. అక్కడి ఆముదం తొమ్మిది పది అడుగులు పెరిగేది. గెల కోయాలంటే కొక్కెం కర్రతో కొమ్మ వంచాలి. వంచితే ఒక్కోసారి ఫెళ్ళున విరుగుతుంది. అలా విరిగిన కొమ్మ తగిలి నాగరత్నం అనే కూలి మనిషికి ఎడమ కన్ను పోయింది. ఆమెను ఆసుపత్రిలో చూసి వచ్చిన రోజే విశ్వనాథం, చేతికందే ఎత్తులో కాసే ఆముదం తయారు చేయాలనుకున్నాడు.

కణుపులు దగ్గర దగ్గరగా ఉన్న గిడస మొక్క ఒకటి చేలగట్టున దొరికింది. ఎత్తు మూడున్నర అడుగులు, కాపు సున్న. దాన్ని బాగా కాసే పొడుగు రకంతో సంకరం చేశాడు. ఆ సంకరం మొక్కల పిల్లల్లోంచి పొట్టివి ఏరాడు, ఆ పిల్లల పిల్లల్లోంచి కాపున్నవి ఏరాడు. పువ్వు పువ్వుకీ కాగితం సంచి తొడిగింది నాగరత్నమే, ఉన్న ఒక్క కంటితో. ఎనిమిదేళ్ళకు ఓ గుప్పెడు గింజలు మిగిలాయి. పొట్టిగా పెరిగి, ఒత్తుగా కాసే గింజలు.

కాకినాడ గెస్ట్ హౌసులో మంత్రిగారు అతన్ని పిలిపించారు. పక్కన జాయింట్ డైరెక్టర్ వెంకటరాజు గారు ఫైలు పట్టుకుని నిలబడ్డారు.

"ఉగాదికి ఎకరం పొలం చూపించాలయ్యా. అవుతుందా?"

"నా దగ్గరున్న విత్తనం రెండు సెంట్లకే సరిపోతుందండి. మూడేళ్ళు ఆగితే..."

"మిగతా దానికి సంకరం విత్తనం బస్తా ఉంది కదయ్యా!" అన్నారు వెంకటరాజు గారు. "పొడుగు దానికీ పొట్టి దానికీ పుట్టిందేగా. అది వేసెయ్."

"అవన్నీ పొడుగే పెరుగుతాయండి. పొడుగు గుణానిది పైచేయి. పొట్టి గుణం లోపల ఉన్నా బయటపడదు."

మంత్రిగారు ముందుకు వంగారు. "లోపల ఉండి కూడా బయటపడదా?"

"పడదండి. అన్నీ ఒక్కలాగే కనిపిస్తాయి. వాటి పిల్లల్లో నాలుగింట ఒకటి చొప్పున బయటపడుతుంది."

మంత్రిగారి ముఖం గంభీరమైంది. "వెంకటరాజు గారూ, మన పార్టీ ఎమ్మెల్యేలు ఎంతమందండి?"

"నూట డెబ్భై ఆరండి."

"అందులో నాలుగో వంతు?"

"నలభై నాలుగండి."

"హైదరాబాదుకి టికెట్ వేయించండి. రేపే వెళ్ళాలి."

జన్యుశాస్త్రాన్ని అంత వేగంగా ఆకళించుకున్న మంత్రిని విశ్వనాథం అంతవరకు చూడలేదు. గుమ్మం దాటాక వెంకటరాజు గారు అతన్ని పక్కకు లాగి రెండు ఆదేశాలిచ్చారు. ఉన్న విత్తనమంతా నేలలో పడాలి, ఒక్క గింజ కూడా దాచడానికి వీల్లేదు. రెండోది, మంత్రిగారి ఎత్తు ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ కనుక పొట్టి అనే మాట కాగితం మీద ఎక్కడా కనపడకూడదు. ఆ సాయంత్రమే బోర్డు తయారైంది: 'మితోన్నత ఆముదం ప్రదర్శన క్షేత్రం'.

వరద తీసిన తర్వాత విత్తారు. విశ్వనాథం తన రెండు సెంట్ల మడి గేటు పక్కనే వేసుకున్నాడు. ఫాల్గుణం వచ్చేసరికి ఆ మడి నడుమెత్తున ఆగి, గెలల మీద గెలలు వేసింది. మిగతా ఎకరమంతా శాస్త్రాన్ని గౌరవించి తొమ్మిది అడుగులు పెరిగింది.

ఉగాది పదిహేను రోజుల్లోకి వచ్చింది. వెంకటరాజు గారు జీపు దిగి, తలెత్తి చూసి, మళ్ళీ జీపెక్కి కూర్చున్నారు. కాసేపటికి దిగారు.

"ఏంటయ్యా ఇది? కొనలు నరికేస్తే?"

"గెలలుండేది కొనల్లోనేనండి."

"అయితే పైన తగ్గించలేం. కింద పెంచుదాం."

కాంట్రాక్టరు బుల్లియ్యకు కబురెళ్ళింది. కాలవ పూడిక మట్టి ఐదడుగుల మందాన ఎకరమంతా పరవాలని నిర్ణయమైంది. తొమ్మిదిలోంచి ఐదు తీసేస్తే నాలుగు. మితోన్నతం.

మొదటి లారీ గేటు దగ్గర ఆగగానే విశ్వనాథం అడ్డంగా నిలబడ్డాడు. "ఈ మడి వదిలెయ్యండి సార్. అసలు మొక్కలు ఇవే. కాయ ముదరడానికి ఇంకో ఇరవై రోజులు పడుతుంది. వీటి గింజ ఇంకెక్కడా లేదు."

వెంకటరాజు గారు సానుభూతిగానే విన్నారు. "నువ్వు చెప్పింది నిజమేనయ్యా. కానీ చుట్టూ ఐదడుగుల మట్టి పోసి, గేటు పక్కన రెండు సెంట్లు గొయ్యిలా వదిలేస్తే, మంత్రిగారు అందులో పడితే?"

"లెవెల్ పోతే నా బిల్లు కూడా ఆగిపోద్దండి, ఆయ్" అన్నాడు బుల్లియ్య.

నాగరత్నం మడి మధ్యలో కూర్చుంది. "నన్ను కూడా కప్పెట్టండి బాబూ" అంది. ఇద్దరు వాచ్‌మన్లు ఆమెను మర్యాదగా లేపి బయట కూర్చోబెట్టారు. పొట్టి మొక్కలు మూడున్నర అడుగులు. మట్టి ఐదడుగులు. లారీ వెనక్కి వచ్చి తొట్టి ఎత్తుతుంటే విశ్వనాథం అటు తిరిగి నిలబడ్డాడు. చప్పుడు మాత్రం వినపడింది.

ఉగాది నాడు మంత్రిగారు ర్యాంపు మీదుగా పొలంలోకి నడిచారు. చేతికందిన గెలను కోశారు. కెమెరాలు మెరిశాయి. "మహావృక్షమన్నారు! ఏదీ? నా భుజం దాటలేదు!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. మట్టి మెత్తగా ఉండటంతో కొందరు మోకాళ్ళ దాకా దిగబడి కూడా కొట్టారు.

గేటు పక్కనే పెట్టిన మైకు ముందు నిలబడి మంత్రిగారు విశ్వనాథం భుజం మీద చెయ్యి వేశారు. "అన్నిటికీ మూలమైన అసలు మొక్క ఎక్కడుందయ్యా? జనానికి చూపించు."

విశ్వనాథం ఆయన పాదాల వైపు చూశాడు. "తమరు నిలబడ్డ చోటేనండి."

మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. ఆయన మైకు దగ్గరకు లాక్కున్నారు. "విన్నారా? ఒక శాస్త్రవేత్త అంటున్న మాట! నేను నిలబడ్డ చోటేనట!" ఈసారి చప్పట్లు గోదావరి అవతలికి వినిపించాయి. విశ్వనాథానికి అక్కడికక్కడే ప్రమోషన్ ప్రకటించారు.

పందిరి విప్పి, పోలీసులు వెళ్ళేసరికి మూడు రోజులు పట్టింది. నాగరత్నం గునపం తెచ్చింది. ఇద్దరూ పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి మొదటి మొక్కను అందుకున్నారు. కాగితం సంచి తొడిగిన గెల తొడిగినట్టే ఉంది. విప్పితే లోపలి కాయలు నల్లగా, మెత్తగా, వేళ్ళకు అంటుకున్నాయి. ముప్ఫై తొమ్మిది మొక్కలూ తవ్వారు. మొలకెత్తే గింజ ఒక్కటి దొరకలేదు.

"మళ్ళీ ఎన్నేళ్ళు పడుద్ది బాబుగారండి?" అంది నాగరత్నం, కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

"ఈ పొడుగు వాటి గింజ వేసి, మళ్ళీ మొదటి నుంచి ఏరుకుంటూ రావాలి. ఇంకో ఎనిమిదేళ్ళు."

నెల తిరక్కుండా ఆరు జిల్లాల వ్యవసాయ అధికారుల నుంచి ఉత్తరాలు వచ్చాయి. పత్రికల్లో ఫొటోలు చూసి, తమ జిల్లాల్లో కూడా వెంటనే మితోన్నత ఆముదం పెట్టాలని ఉబలాటపడుతున్నారట. విశ్వనాథం కొత్త కుర్చీలో కూర్చుని కవర్లు ఒక్కొక్కటే చించుతుంటే, గది ఊడుస్తున్న నాగరత్నం చీపురు ఆపి భయంగా అడిగింది.

"అన్ని జిల్లాలోళ్ళకీ విత్తనం ఎక్కణ్ణించి తెచ్చిత్తామండి?"

విశ్వనాథం ఆరు కాగితాలూ ఇంకోసారి చదివాడు.

"విత్తనం ఎవరూ అడగలేదు నాగరత్నం. ఎకరానికి లారీలెన్ని పడతాయో రాయమన్నారు."