మూడు రోజుల మాస్టారు

ఆ సోమవారం ఉదయం సుయుంబెక్ పెట్టుకున్న పని ఒక్కటే: కరకోల్ పట్నంలోని శిక్షణ కేంద్రానికి వెళ్ళి, మూడు రోజులు వెనక బెంచీలో కూర్చుని, సర్టిఫికెట్ పుచ్చుకుని ఇంటికి రావడం. బడి గదుల్ని వెచ్చబెట్టే బాయిలర్‌ను ఇరవై ఆరేళ్ళుగా అతనే నడుపుతున్నాడు. అయినా కొత్త నిబంధన వచ్చిందనీ, కాగితం లేనివాడి చేతికి ఈ చలికాలం బాయిలర్ అప్పగించేది లేదనీ ప్రధానోపాధ్యాయురాలు సైకాల్ తేల్చి చెప్పేసింది.

"క్లాసుకెళ్తున్నావు, కాస్త మనిషిలా వెళ్ళు" అంటూ భార్య అతనికి కొడుకు పెళ్ళినాటి సూటు తొడిగి, తెల్ల కల్పక్ టోపీ పెట్టింది. కొంప ముంచింది ఆ సూటే.

పాఠం చెప్పాల్సిన మాస్టారు రాజధాని బిష్కెక్ నుంచి వస్తూ మంచులో చిక్కుకుపోయాడు. ఆ సంగతి తెలియని కేంద్రం గుమాస్తా నుర్జమాల్ సూటు చూడగానే ఎదురొచ్చింది.

"రండి మాస్టారూ, మీ కోసమే చూస్తున్నాం!"

"అమ్మాయ్, నేను నేర్చుకోడానికొచ్చా."

"పెద్దవాళ్ళంతా అదే మాటంటారు లెండి" అని మురిసిపోయి, సుద్దముక్క చేతిలో పెట్టి బోర్డు ముందు నిలబెట్టింది.

నిజం చెబుదామని అతను నోరు తెరిచాడు. ఇంతలో, పోస్టాఫీసు మూతపడి ఉద్యోగం పోయిన ఎసెన్‌గుల్ ముందు బెంచీలోంచి లేచాడు.

"మాస్టారూ, బాయిలర్లో నీళ్ళడుగంటితే గబుక్కున చన్నీళ్ళు పోసెయ్యొచ్చా?"

"పోశావంటే నువ్వూ గోడా కలిసి ఊరవతల సరస్సులో తేలతారు! ముందు మంట ఆర్పవయ్యా!"

అంతే, ఇక సుయుంబెక్ ఆగలేదు. మధ్యాహ్నానికి క్లాసు క్లాసంతా కేంద్రం బాయిలర్ చుట్టూ చేరింది. టీ వేళ చెప్పేద్దామనుకుంటే ఎవరో మాస్టారికంటూ సమోసాల్లాంటి వేడి వేడి సంసాలు తెచ్చిపెట్టారు. నోటి నిండా మాంసం పెట్టుకుని నిజం చెప్పడం కష్టం. రెండో రోజు చెబుదామనుకుంటే పక్కన నిలబెట్టుకుని ఫొటోలు తీయించుకున్నారు.

మూడో రోజు నుర్జమాల్ పందొమ్మిది సర్టిఫికెట్లు సంతకానికి తెచ్చింది.

"ఇరవయ్యోది అక్కర్లేదు మాస్టారూ. సుయుంబెక్ అని ఎవడో, ఒక్కపూటైనా మొహం చూపించలేదు."

"ఆ ఎవడో నేనేనమ్మా."

నుర్జమాల్ కుర్చీలో కూలబడింది. ఎసెన్‌గుల్ వచ్చి సుయుంబెక్ చేతులు పట్టుకున్నాడు.

"పెట్టెయ్యన్నా సంతకం! ఈ కాగితం లేకపోతే మాకెవ్వరికీ ఉద్యోగాల్లేవు!"

సుయుంబెక్ ఆ మొహాలన్నీ చూశాడు. అయినా కలం మూసేశాడు. "దొంగ సంతకంతో మిమ్మల్ని మంట ముందు నిలబెట్టలేనయ్యా."

సరిగ్గా అప్పుడే అసలు మాస్టారు బూట్ల నిండా మంచుతో దిగాడు. జరిగింది విని, చిర్రెత్తి, అందరికీ అక్కడికక్కడే పరీక్ష పెట్టాడు. పందొమ్మిది మందీ గడగడా అప్పజెప్పేశారు. ఆయన నోరెళ్ళబెట్టి, అన్నిటిమీదా తనే సంతకాలు చేశాడు. సుయుంబెక్ వంతు వచ్చేసరికి హాజరుపట్టీ తిరగేశాడు.

"మూడు రోజులూ గైర్హాజరు. పరీక్షకు కూర్చోనివ్వడం కుదరదు. వసంతంలో రా."

నుర్జమాల్ ఎంత బతిమాలినా లాభం లేకపోయింది. పాఠం చెప్పినవాడికి హాజరు వెయ్యడానికి పట్టీలో గడి లేదు.

మరుసటి వారం సైకాల్, సర్టిఫికెట్ ఉన్న ఎసెన్‌గుల్‌ను బడి బాయిలర్ ఆపరేటరుగా తీసుకుని, సుయుంబెక్‌ను అతని కింద సహాయకుడిగా వేసింది. మొదటి రోజు పొద్దున్నే కొత్త ఆపరేటరు రెండు వాల్వుల మధ్య నిలబడి చెమటలు కక్కాడు.

"మాస్టారూ, ముందు ఏది తిప్పాలి?"

సుయుంబెక్ తాపీగా బొగ్గు మీద పార ఆనించాడు.

"నన్నడుగుతారేంటి సార్, నేను క్లాసుకే రాలేదుగా."